ఏడు గంటల సూది

పదకొండో భాగం

స్కాన్‌కి ఇంకొక్క రోజు ఉందనగా కిందటి వారం ఈ ఇంట్లోంచి బయటికి వచ్చాం. మళ్ళీ లోపలికి అడుగుపెట్టే ముందు ఎవరు ఎక్కడ ఉన్నారో ఒకసారి చూసుకుందాం. లిఫ్టుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసే ఈ ఇంటి కోడలికి ముప్పై ఎనిమిదేళ్ళు. రెండుసార్లు పిండం పెట్టించుకుంది, రెండుసార్లూ నిలవలేదు. మిగిలిన ఒక్కదాన్నీ పెట్టే రోజు దగ్గరపడేసరికి లోకమంతా జబ్బు పాకి, సంతాన వైద్యశాల తలుపులు మూసేశారు. ఆ నాలుగు నెలలూ పిండం చలిపెట్టెలో నిశ్చింతగానే ఉంది, నిద్ర లేనిదల్లా ఇంట్లోవాళ్ళకే. తలుపులు తెరిచాక దాన్ని పెట్టారు. ఈసారి నిలిచింది. ఇప్పుడు ఆరు వారాలు దాటాయి. రేపు శుక్రవారం, పొద్దున్న పది గంటలకి స్కాన్‌లో గుండె కొట్టుకోవడం కనపడాలి. అది కనపడేదాకా కడుపుతో ఉన్నానన్న మాట ఆమె ఎవరితోనూ అనలేదు, తనతో తాను కూడా అనుకోలేదు.

అనుకోకపోయినా రోజూ సాయంత్రం ఏడింటికి ఆ సంగతి గుర్తుచేసే పని ఒకటుంది. గర్భం నిలబడడానికి తుంటికి వేసే నూనె మందు సూది. పన్నెండో వారం దాకా ఒక్క రోజు కూడా తప్పకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. మామూలు రోజుల్లో అయితే ఏ నర్సో ఇంటికొచ్చి వేసిపోయేది. ఈ జబ్బు రోజుల్లో గడప దాటి వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. అప్పుడు రెండు వీధుల అవతల ఒంటరిగా ఉంటున్న అత్తగారు చిన్న సంచీలో నాలుగు బట్టలు పెట్టుకుని, ఓ పది రోజులు ఉండి వెళ్తానని వచ్చింది. ఆ పది రోజులూ అయి చాలా కాలమైంది.

అత్తగారు పశువుల ఆసుపత్రిలో ముప్పై రెండేళ్ళు కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. అక్కడ అందరూ ఆవిణ్ణి సూదులమ్మ అనేవారు. సూది గుచ్చే ముందు తుంటి మీద అరచేత్తో రెండు దెబ్బలు తట్టి, "నిలబడు తల్లీ, నిలబడు, అయిపోయింది" అనడం ఆవిడ పద్ధతి. ఆవుకీ అదే మాట, గుర్రానికీ అదే మాట, కోడలికీ అదే మాట. మొదటిరోజు కోడలు కొంచెం చిన్నబుచ్చుకుంది గానీ, సూది ఎప్పుడు దిగిందో ఎప్పుడు బయటికొచ్చిందో తెలియకపోయేసరికి నోరు మెదపలేదు.

ఇంతకీ ఈ పని ఇంట్లో ఉన్న మొగుడు చెయ్యకూడదా అని మీరు అడగొచ్చు. అతను కోట్లు కుట్టడంలో పేరున్న టైలరు. పొద్దస్తమానం సూదుల మధ్యే బతుకుతాడు, పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పెట్టుకుని ఫోన్లో మాట్లాడగలడు. అటువంటివాడికి ఆసుపత్రి సూది కనపడితే మాత్రం కాళ్ళు వణుకుతాయి. మొదటిసారి భార్యకి రక్తం తీస్తున్నప్పుడు పక్కన నిలబడి, ఆమె కంటే ముందు తనే మంచం మీద పడుకున్నాడు. ఆసుపత్రివాళ్ళు నీళ్ళు ఇచ్చింది అతనికే.

గురువారం సాయంత్రం ఏడు కావడానికి ఐదు నిమిషాలు ఉంది. కోడలు ఆ రోజు మూడు లిఫ్టులు చూసి వచ్చింది. స్నానం చేసి, ముందుగదిలో ఉన్న బట్టలు కత్తిరించే బల్ల మీదికి మోచేతులు ఆనించి నిలబడింది. కోట్లు కుట్టించుకునేవాళ్ళు లేక ఆ బల్ల మీద ఇప్పుడు మాస్కుల గుడ్డ పరచుకుని ఉంది. టైలరు కిటికీ దగ్గర మిషను ముందు కూర్చుని, సూది కనపడకుండా ఎప్పటిలాగే అటు తిరిగి కుడుతున్నాడు. అత్తగారు గాజు మందు గొట్టాన్ని గుప్పెట్లో పట్టుకుని వేడెక్కించింది. చల్లగా ఉంటే ఆ నూనె కదలదు. తర్వాత దాన్ని విరిచి, మందు సిరంజిలోకి లాగి, దూదిమీదికి సీసా వంచి, కోడలి తుంటి మీద గుండ్రంగా తుడిచింది.

కోడలి ముక్కుకి పుల్లటి వాసన తగిలింది. స్పిరిట్ వాసన అలా ఉండదు. ఆమె తల తిప్పకుండానే, ఇది స్పిరిటేనా అని అడిగింది. కాక మరేంటమ్మాయ్ అంది అత్తగారు. కోడలు మళ్ళీ అడిగింది. అత్తగారు కొంచెం విసుక్కుని, సీసా చేతిలోకి తీసుకుంది.

ఇక్కడ ఆవిడ అలవాటు ఒకటి చెప్పాలి. సూదులమ్మ ఎప్పుడూ సీసా మీద కాగితం చదవదు. పశువుల కొట్టంలో తడికీ పేడకీ ఏ సీసా మీదా కాగితం నిలిచేది కాదు. అందుకని ముప్పై రెండేళ్ళూ ఆవిడ వాసన చూసే మందు తీసింది, ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు. ఇప్పుడూ అదే చేసింది. మాస్కు కిందికి లాగి, సీసా మూతి ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది.

"స్పిరిటే," అంది.

కోడలు నిటారుగా నిలబడి, బట్టలు సర్దుకుని, ఆ సీసా అందుకుంది. తనూ వాసన చూసింది. ఒక్క పీల్పుకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాన్ని తీసుకెళ్ళి మొగుడి ముక్కు దగ్గర పెట్టింది. అతను మిషను ఆపి, ఇది తన వెనిగర్ సీసా కదా, ఇక్కడికెలా వచ్చిందని అడిగాడు. విప్పిన కుట్ల తాలూకు గుర్తులు పోవడానికి వెనిగర్ కలిపిన నీళ్ళు చల్లి ఇస్త్రీ చేస్తాడతను. దుకాణాలన్నీ మూసి ఉండి వేరే సీసా దొరక్క, పొద్దున్న ఖాళీ అయిన స్పిరిట్ సీసాలోనే వాటిని పోసి పెట్టుకున్నాడు.

కోడలు వెనక్కి వచ్చింది. అత్తగారు సిరంజి చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఆవిడ మొహం చూడగానే ఇక అడగవలసింది ఏమీ లేదనిపించింది. అయినా అడిగింది. లిఫ్టు కాంట్రాక్టరుని ఎంత నెమ్మదిగా అడుగుతుందో అంత నెమ్మదిగానే అడిగింది.

"ఎన్నాళ్ళయింది అత్తయ్యా?"

అత్తగారు సిరంజి పళ్ళెంలో పెట్టింది. మాస్కు పైకి లాక్కుంది. రెండడుగులు వెనక్కి వేసి గోడకి ఆనుకుంది.

"మంగళవారం పొద్దున్న సబ్బు వాసన తెలీలేదు," అంది. "జలుబేమో అనుకున్నా. మధ్యాహ్నానికి ఏదీ తెలీలేదు."

మంగళవారం, బుధవారం, గురువారం. కోడలు మనసులో రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటే ఒక్కొక్కటే అర్థమవసాగింది. పంటి నొప్పి అని చెప్పి అత్తగారు మంగళవారం నుంచి వేరేగా వంటింట్లో తింటోంది. ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు పెట్టుకుంటోంది. అదేమిటంటే, మీ ఆయన కుట్టినవి పలచగా ఉన్నాయంది. సూది వేసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుంటోంది. చేతులు కడుక్కుని కడుక్కుని వేళ్ళ సందులు ఎర్రగా పగిలిపోయాయి. అన్నీ కళ్ళ ముందే జరిగాయి. రోజుకి నాలుగు లిఫ్టుల్లో దాచిపెట్టిన లోపాలు పట్టుకునే మనిషి, ఇంట్లో జరుగుతున్నది మాత్రం చూడలేకపోయింది.

ఆమెకి కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, ఒళ్ళు మండిపోయేంత కోపం. మూడు సాయంత్రాలు ఈవిడ ఊపిరి తన వీపు మీద పడింది. కడుపులో ఉన్నది చిక్కుడు గింజంత కూడా లేదు, దానికి తనని తాను కాపాడుకునే దారి లేదు. తను వీధిలో మనుషుల్ని తప్పించుకుని నడిచింది, లిఫ్టులో బటను మోచేత్తో నొక్కింది, స్నేహితుల్ని గుమ్మంలోంచే పంపేసింది. తీరా చూస్తే ఆ జబ్బు ఇంట్లోనే ఉంది, రోజూ ఏడింటికి వచ్చి తుంటి తడుతోంది.

ఎందుకు దాచారని అడిగింది. అత్తగారు చెప్పిన జవాబు పెద్దదేమీ కాదు. చెప్తే తనని గదిలో పెడతారు. గదిలో పెడితే సూది ఎవరు వేస్తారు. వాడా, అని గడ్డంతో కొడుకుని చూపించింది. రేపు స్కాన్ అయిపోగానే చెప్పేసి, తన సంచీ తీసుకుని తన ఇంటికి పోదామనుకుంది. ఇంకొక్క పూట గడిస్తే చాలనుకుంది.

"నా బిడ్డకి ఏమన్నా అయితే అత్తయ్యా?"

ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చేసింది. బిడ్డ అన్న మాట ఆ ఇంట్లో పైకి వినపడడం అదే మొదటిసారి. మిషను దగ్గర టైలరు తల ఎత్తాడు. అత్తగారు కళ్ళు దించుకుంది.

"తప్పే తల్లీ. పశువులకైతే ఇలా చేసేదాన్ని కాదు. ఒకదానికి జబ్బంటే మిగతావాటిని తోలేసి కొట్టం కడిగించేదాన్ని. ఇక్కడ నాకు బుర్ర పనిచెయ్యలేదు."

కోడలు ఆవిడ పగిలిన వేళ్ళ వైపు చూసింది. అత్తగారికి అరవై ఎనిమిదేళ్ళు. ఈ జబ్బు ఆ వయసువాళ్ళని ఏం చేస్తోందో రోజూ వార్తల్లో చూస్తూనే ఉన్నారు. మూడు రోజులుగా ఆవిడ ఆ భయాన్ని ఒక్కతే మింగి, వంటింట్లో రుచీ వాసనా లేని తిండి తిని, వేళకి వచ్చి సూది వేస్తోంది. ఆవిడకెలా ఉందో అడగాలన్న ఆలోచన ఇంతవరకూ తనకి రానేలేదు. ఆమెకి సిగ్గేసింది. కోపం ఎక్కడికీ పోలేదు, దాని పక్కనే సిగ్గు కూడా వచ్చి కూర్చుంది. ఊపిరి ఆడుతోందా, జ్వరముందా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అని వరసగా అడిగింది. అత్తగారు బుద్ధిమంతురాలిలా అన్నిటికీ జవాబు చెప్పింది. జ్వరం లేదు. ఆయాసం లేదు. కాళ్ళు లాగుతున్నాయి, అంతే. వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మీటరు తొంభై ఆరు చూపించింది.

అప్పుడు టైలరు లేచి వచ్చాడు. మాస్కు పెట్టుకుని, కిటికీలు బార్లా తెరిచి, ఒక మాట చెప్పాడు. ఎనిమిదింటికి ఆసుపత్రి నుంచి ఫోను వస్తుంది. ముందురోజు సాయంత్రం ఎప్పుడూ వచ్చేదే. ఇంట్లో ఎవరికైనా జ్వరమా, దగ్గా, వాసన తెలియకపోవడమా అని అడుగుతారు. ఉందంటే పద్నాలుగు రోజులు గుమ్మం తొక్కనివ్వరు. కాబట్టి లేదని చెప్పు అన్నాడు. ఈ ఒక్కసారికే. స్కాన్‌కి పట్టేది పది నిమిషాలు, రెండు మాస్కులు పెట్టుకుని వెళ్ళు, ఎవరితోనూ మాట్లాడకు, అని బతిమాలాడు. అతను మామూలుగా దేనికీ పట్టుబట్టే మనిషి కాదు. కూర ఏం చెయ్యాలన్నా నీ ఇష్టం అంటాడు, గోడకి ఏ రంగు వెయ్యాలన్నా నీ ఇష్టం అంటాడు. ఈ మాట మాత్రం నాలుగుసార్లు చెప్పాడు.

ఆమెకీ రేపు వెళ్ళాలనే ఉంది. ఎంత వెళ్ళాలని ఉందో ఆమెకే తెలుసు. పిండం పెట్టినప్పటినుంచి రోజులు గంటల్లెక్కన గడిపింది. ఇంకో పద్నాలుగు రోజులు ఏమీ తెలియకుండా ఎలా బతకాలో ఊహకి అందడం లేదు. లేదు అన్న రెండక్షరాలు అంటే చాలు.

కానీ ఆమె కళ్ళ ముందు ఆ ఆసుపత్రి హాలు కదిలింది. ఒక కుర్చీ వదిలి ఒక కుర్చీ, ఖాళీ కుర్చీలకి అడ్డంగా పసుపు పట్టీ, మిగిలిన కుర్చీల్లో ఒళ్ళో ఫైళ్ళు పెట్టుకుని ఒక్కొక్కరే ఆడవాళ్ళు. మొగుళ్ళని లోపలికి రానివ్వరు గనక ఎవరికి వారే. కిందటిసారి ఎదురుగా కూర్చున్నామె నాలుగోసారి వచ్చిందని నర్సు మాటల్లో తెలిసింది. పేరు అడగలేదు, కళ్ళతోనే పలకరించుకున్నారు.

"అక్కడ కూర్చునేవాళ్ళందరి దగ్గరా నా దగ్గరున్నదే ఉంటుందండీ," అంది మొగుడితో. "వాళ్ళ మధ్యకి వెళ్ళి నేను అబద్ధం చెప్పి కూర్చోలేను."

అతను ఇంకేదో అనబోయాడు. ఆమె వినలేదు. పన్నెండేళ్ళ ఉద్యోగంలో బ్రేకు చూడకుండా ఒక్క లిఫ్టు కాగితం మీద కూడా సంతకం పెట్టలేదామె. ఈ ఒక్కసారికే మేడమ్ అన్నవాళ్ళని ఎంతమందిని వెనక్కి పంపిందో లెక్కలేదు. ఆ మాటే ఇప్పుడు సొంత మొగుడి నోట వినాల్సి వచ్చింది. అత్తగారు మాత్రం పళ్ళెంలోని సిరంజి వైపు చూసి, ఏడూ ఇరవై అయింది, ముందు దాని సంగతి చూడండి అంది. తను కొట్టుగదిలోకి వెళ్ళి లోపలినుంచి తలుపు వేసుకుంది.

కొట్టుగది అంటే కోటు గుడ్డ తానులు పెట్టుకునే వెనకగది. తలుపు పైసగం అద్దం. లోపల ఒక మడతమంచం, ఒక కిటికీ. అత్తగారు అద్దానికి దగ్గరగా వచ్చి నిలబడి, కొడుకుని చేతులు కడుక్కోమంది. ఇన్నాళ్ళూ తప్పించుకున్నది ఇవాళ నెత్తిన పడిందని అతనికి అర్థమైంది. రెండుసార్లు కడుక్కున్నాడు. మూడోసారి కడుక్కోబోతుంటే, చాల్లే, అరిగిపోతాయి అంది తల్లి.

పాత సిరంజి పారేశారు. కొత్త మందు గొట్టం విరిచారు. అసలు స్పిరిట్ కొత్త సీసా అలమరలో ఉంటే తెచ్చి, మూత తీసి, ఇద్దరూ వాసన చూసి మరీ పక్కన పెట్టుకున్నారు. కోడలు మళ్ళీ బల్లకి ఆనుకుంది. టైలరు సిరంజి పట్టుకున్నాడు. చెయ్యి గజగజలాడింది. మొహం పాలిపోయింది. ఎక్కడ గుచ్చాలో తెలీడం లేదు, అంతా ఒకేలా ఉంది అన్నాడు. ఇరవై ఏళ్ళుగా మనుషుల ఒంటి కొలతలు తీసుకుంటున్నవాడు అనవలసిన మాటేనా అది.

"ఒరేయ్, సుద్ద తియ్యి," అంది తల్లి అద్దం వెనకనుంచి.

అతను జేబులోంచి గుడ్డ మీద గీతలు గీసే సుద్దబిళ్ళ తీశాడు. తల్లి చెప్పినట్టు తుంటి ఒకవైపు భాగాన్ని నిలువుగా ఒక గీతతో, అడ్డంగా ఒక గీతతో నాలుగు ముక్కలు చేశాడు. పైనున్న రెండింట్లో బయటివైపు ముక్క మన చోటు, మిగతా మూడూ ముట్టుకోకూడదు, అక్కడ నరం ఉంటుంది అంది ఆవిడ. సుద్ద చేతికి రాగానే అతని చెయ్యి కుదురుకుంది. గీత తిన్నగా వచ్చిందా లేదా అని తల పక్కకి వంచి చూసుకున్నాడు కూడా. చక్కిలిగింత పుట్టి కోడలు కదలబోతే, కదలకు, గీత చెడుతుంది అన్నాడు. అది దుకాణంలో కొలతలిచ్చేవాళ్ళతో అనే మాట.

ఇక గుచ్చడమే మిగిలింది. ఎంత లోతు అని అడిగాడు. తల్లి ఒక్కక్షణం ఆలోచించింది.

"చలికోటుకి బొత్తం కుట్టేటప్పుడు గుడ్డ, లోపలి అస్తరు, మధ్యలో గట్టిగుడ్డ, మూడూ దాటి సూది ఎలా దింపుతావు? అలాగే. నిలువుగా. కళ్ళు మూసుకోకు. కళ్ళు మూసుకుని ఎప్పుడన్నా బొత్తం కుట్టావా?"

లేదన్నాడు. తుడిచాడు. సూది దించాడు. పిడి కొంచెం వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకున్నాడు. చిక్కటి నూనె గదా, నిమిషం సేపు నెమ్మదిగా తొయ్యాలి. తల్లి అద్దం వెనక అరవై దాకా పైకే లెక్కపెట్టింది. ముప్పై దగ్గర అతని నుదుటిమీంచి చెమట బొట్టు బల్లమీది మాస్కు గుడ్డ మీద పడింది. అరవై అనగానే సూది తీసి, దూది అదిమి, మెల్లగా నేలమీద కూర్చుండిపోయాడు. కూర్చున్నవాడు తల రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

కోడలికి నవ్వు వచ్చింది. ఆ సాయంత్రం మొత్తానికి అదే మొదటి నవ్వు. తడి తువ్వాలు తెచ్చి అతని మెడ మీద వేసింది. నొప్పి పుట్టిందా అని నేల చూస్తూనే అడిగాడు.

"పుట్టింది," అందామె. "కుట్టు మాత్రం తిన్నగా పడింది."

అద్దం వెనక అత్తగారు కూడా నవ్వుతోందని భుజాలు కదలడం చూస్తే తెలిసింది. కోడలు ఒక గ్లాసు వేడి పాలు తెచ్చి, కొట్టుగది గుమ్మం ముందు పీటమీద పెట్టి, వెనక్కి జరిగింది. తలుపు జానెడు తెరుచుకుంది, చెయ్యి వచ్చి గ్లాసు తీసుకుంది, తలుపు మూసుకుంది. కోపం పోయిందా అంటే పూర్తిగా పోలేదు. అయినా పాలు చల్లారిపోతాయేమోనన్న ధ్యాస మాత్రం ఉంది. రేపు ముగ్గురూ పరీక్ష చేయించుకోవాలి, ఆవిడకి రోజుకి నాలుగుసార్లు మీటరు పెట్టి చూడాలి, తను పనికి సెలవు చెప్పాలి. చెయ్యవలసిన పనులు వరసగా కనపడేసరికి మనసు కొంత తేలికైంది. పద్నాలుగు రోజులంటే రెండు వారాలు. నాలుగు నెలలు ఆగినవాళ్ళం, రెండు వారాలు ఆగలేమా అని తనకి తాను సర్దిచెప్పుకుంది. లోపల ఉన్నది ఉంటుంది. చూడనంత మాత్రాన ఎక్కడికీ పోదు.

సరిగ్గా ఎనిమిదింటికి ఫోను మోగింది.

అవతల నర్సు గొంతు అలిసిపోయి ఉంది. రోజంతా అవే ప్రశ్నలు అడిగి అడిగి మాటలు అరిగిపోయాయి. పేరు, ఫైలు నంబరు, రేపటి వేళ చెప్పించుకుని, ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉందా అని అడిగింది. లేదంది కోడలు. దగ్గు. లేదు. నేలమీద కూర్చున్న టైలరు తల ఎత్తి భార్య వైపు చూశాడు. వద్దన్నట్టు తల అడ్డంగా తిప్పాడు. రుచి గానీ వాసన గానీ తెలియకపోవడం, అని అడిగింది నర్సు.

"ఉంది. మా అత్తగారికి. మంగళవారం నుంచి."

తర్వాత నర్సు గొంతులో విసుగు పోయి మెత్తదనం వచ్చింది. చెప్పినందుకు థాంక్స్ మేడమ్ అంది, చాలామంది చెప్పరు అంది. రూలు ప్రకారం రేపటి స్కాన్ రద్దు చేసి పద్నాలుగు రోజుల తర్వాత తేదీ ఇస్తానని చెప్పింది. కంప్యూటరు మీద వేళ్ళు టకటకలాడడం వినపడింది. కోడలు పెన్ను తీసుకుని, గోడ మీద క్యాలెండరు దగ్గరికి నడిచి, తేదీ కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

వేళ్ళ చప్పుడు ఆగిపోయింది.

ఒక్క నిమిషం మేడమ్ అంది నర్సు. ఆ ఒక్క నిమిషం చాలాసేపు సాగింది. ఎవరితోనో గుసగుసగా మాట్లాడడం, కాగితాలు తిరగెయ్యడం వినపడ్డాయి. తిరిగి వచ్చినప్పుడు ఆ గొంతు ఆచితూచి మాట్లాడుతోంది.

"మీ స్కాన్ ఎట్టి పరిస్థితుల్లోనూ వాయిదా వెయ్యొద్దని డాక్టరుగారు ఫైల్లో రాశారు మేడమ్. సోమవారం మీరిచ్చిన రక్తంలో గర్భం హార్మోను నంబరు పెరగాల్సినంత పెరగలేదు కదా, అందుకని. మీ వారికి ఆ రోజే ఫోన్లో చెప్పాం. మీకు చెప్పలేదా?"

సోమవారం ఆ ఫోను వచ్చిన వేళకి ఆమె పద్దెనిమిది అంతస్తుల మేడ మీద, లిఫ్టు మోటారు గదిలో ఉంది. అక్కడ ఫోను పనిచెయ్యదు. సాయంత్రం ఇంటికి రాగానే ఆసుపత్రివాళ్ళు ఏమన్నారని మొగుణ్ణి అడిగింది. పెరిగిందట, శుక్రవారం స్కాన్‌కి రమ్మన్నారు, అన్నాడతను. అందులో ఒక్క అబద్ధం లేదు. బ్రేకు ఉందా అని అడిగితే ఉంది మేడమ్ అంటారు కాంట్రాక్టర్లు, పట్టుకుంటుందా అని అడగకపోతే చెప్పరు. మొగుణ్ణి ఆమె ఎంత పెరిగిందని అడగలేదు.

ఆమె వెనక్కి తిరిగింది. టైలరు నేలమీంచి లేచి నిలబడ్డాడు. మెడ మీది తువ్వాలు జారి కింద పడినా తీసుకోలేదు. ఆమె మొహం చూశాడు, ఫోను చూశాడు. ఆ చూపుతో ఆమెకి అంతా తెలిసిపోయింది. లేదని చెప్పమని అతను అన్నిసార్లు ఎందుకు బతిమాలాడో తెలిసింది.

కొట్టుగది తలుపు అద్దం మీద రెండుసార్లు వేలితో కొట్టిన చప్పుడైంది. అత్తగారు అద్దానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆవిడ చూస్తున్నది కోడల్ని కాదు, కొడుకుని.

"చెప్పెయ్యి నాన్నా. ఇంక మన చేతిలో లేదు."

మన అంది ఆవిడ. సోమవారం నుంచి ఇద్దరికీ తెలుసు. తను లేనప్పుడు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. సూదులమ్మ మంగళవారం నుంచి నోరు మూసుకున్నది సూది కోసం మాత్రమే కాదు. రేపటి స్కాన్ ఆగకూడదని. ఆ స్కాన్‌ని తను ఇప్పుడే, తన నోటితోనే ఆపింది.

ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. లైన్లో ఉన్నారా మేడమ్ అని నర్సు రెండోసారి అడుగుతోంది. డాక్టరుగారు ఇంకా ఇక్కడే ఉన్నారు, ఏం చెయ్యాలో అడిగి చెప్తాను, పెట్టెయ్యకండి అంటోంది. టైలరు ఒక అడుగు ముందుకి వేశాడు. ఆమె అరచెయ్యి ఎత్తి అతన్ని ఉన్నచోటే ఆగమంది.

క్యాలెండరులో కొత్త తేదీ రాయాలని తీసిన పెన్ను ఆమె చేతిలోనే ఉంది. రాసుకోవడానికి బల్లమీది మాస్కు గుడ్డ ముక్క ఒకటి ముందుకి లాక్కుంది.

"ఉన్నాను," అంది నర్సుతో. "ముందు ఆ నంబరు ఎంతో నాకు చెప్పండి."